గంటన్నర తేడా

హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి గాలిలో సుమారు 2,550 కిలోమీటర్లు. మా కల్హేర్‌లో ఈ అంకె నోటికి వచ్చినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. నాకు విమానాల పిచ్చేం లేదు. బస్సులు ఆగే చోట జిరాక్సు దుకాణం నాది. ఆధార్ నకళ్లు, పట్టా పాసుబుక్కులు, హాల్ టికెట్లు, అప్పుడప్పుడు ఓ వీసా కాపీ, ఓ విమానం టికెట్టు నా ప్రింటర్ లోంచే బయటికి వస్తాయి. టికెట్టు ఇచ్చేటప్పుడు ఊరికే ఇవ్వబుద్ధి కాదు. 'రాత్రి పదింటికి ఎక్కుతావు, అక్కడి టైము పన్నెండున్నరకు దిగుతావు, అంటే రెండున్నర గంటలే అనుకోకు, నాలుగు గంటలు' అని చెప్పి పంపిస్తాను. వాళ్లు తలూపుతారు. సగంమందికి అర్థం కాదని నాకూ తెలుసు, అయినా చెప్తాను.

మా వైపు వలస అంటే మొదట గుర్తొచ్చేది విమానం కాదు, చెరుకు బండి. నారాయణఖేడ్ చుట్టుపక్కల తండాల నుంచి పంట కాలం అయిపోగానే కుటుంబాలకు కుటుంబాలు ఇళ్లకు తాళాలేసి చెరుకు కొట్టడానికి కర్ణాటకకో మహారాష్ట్రకో పోతాయి. గల్ఫ్ బాట ఎక్కువగా పిట్లం, కామారెడ్డి అవతలివాళ్లది. వాళ్లను చూసి మా దగ్గరా కొందరు పాస్‌పోర్టులు తీశారు. నేను చెప్పబోయే అవ్వ కొడుకు ఆ కొందరిలో ఒకడు. 2022లో పోయాడు. మెడలో దండలేసి, 161 నంబరు హైవే దాకా వచ్చి మరీ కారెక్కించారు.

సంక్రాంతి వెళ్లిన వారంలో అవ్వ మొదటిసారి దుకాణానికి వచ్చింది. జిరాక్సు ఏమీ లేదు. బల్ల మీద కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది.

"బిడ్డా, గీడికెళ్లి దుబాయ్ ఎంత దూరముంటది?"

అడగకపోతేనే చెప్పేవాణ్ణి, అడిగితే వదులుతానా? పిల్లల కోసం అమ్మకానికి పెట్టిన గ్లోబు దించాను. ఆమె చీర కొంగున వేలాడుతున్న పోగొకటి తెంపి, ఒక కొస హైదరాబాద్ మీద, ఇంకో కొస దుబాయ్ మీద పెట్టి బిగించాను. మహారాష్ట్ర మీదుగా పోయి, అరేబియా సముద్రం దాటి అవతలి గట్టు తాకింది పోగు. విమానం ఇంచుమించు ఇదే దారిన పోతుందనీ, చదునైన పటం మీద గీత గీస్తే ఇంత సరిగ్గా రాదనీ, గుండ్రటి దాని మీద దారం బిగిస్తేనే అసలైన దగ్గరి దారి కనపడుతుందనీ చెప్పాను. పోగు పొడవు రెండు వేళ్ల వెడల్పు.

"గింతేనా?" అంది అవ్వ. తన రెండు వేళ్లు అక్కడ ఆనించి చూసుకుంది.

"ఇంతే అవ్వా. అమెరికా చూడు." పోగును షికాగో దాకా లాగబోతే చాలలేదు, జానెడు కావాలి. హైదరాబాద్ నుంచి షికాగోకి 13,000 కిలోమీటర్ల పైమాటే. 2021 జనవరి 15న ఎయిరిండియా ఆ రెండు ఊళ్ల మధ్య ఎక్కడా ఆగకుండా విమానం మొదలుపెట్టినప్పుడు పేపర్లన్నీ రాశాయి. పదహారు గంటలకు పైగా గాలిలోనే.

అవ్వ కాసేపు గ్లోబు వంక చూసి, "జానెడు దూరం పోయినోళ్లు ఏడాదికోపారి వస్తున్నరు. రెండు వేళ్ల దూరం పోయినోడు రాకపాయె" అంది.

దానికి నా దగ్గర జవాబుంది. అమెరికా వెళ్లినవాడి పాస్‌పోర్టు వాడి సంచిలో ఉంటుంది. గల్ఫ్ కూలీ పాస్‌పోర్టు, దాచుకోకూడదని అక్కడి చట్టంలో ఉన్నా, చాలాచోట్ల కంపెనీ బీరువాలోనే ఉంటుంది. రెండేళ్లకోసారి సెలవు. అప్పు తీరకుండా వస్తే మళ్లీ పోవడానికి ఇంకో అప్పు. ప్రభుత్వం రాసిన లెక్క ప్రకారం రిక్రూటింగ్ ఏజెంటు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకుమించి పైసా తీసుకోకూడదు. లక్షకు తక్కువిచ్చి పోయినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. ఇదంతా చెప్పాను. అవ్వ వింది. ఆ పోగును వేలికి చుట్టుకుని వెళ్లిపోయింది.

తర్వాత తరచూ వచ్చేది. ప్రతిసారీ ఒక ప్రశ్న.

"మనకిప్పుడు ఎనిమిది కొడితే ఆడ ఎంత కొడ్తది?"

ఆరున్నర. గంటన్నర వెనక. ఇది ఎవరో రాజు కూర్చుని పెట్టిన తేడా కాదు, సూర్యుడు పెట్టినదే. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు. దుబాయ్‌కీ మనకూ మధ్య ఇరవై మూడు డిగ్రీలు. గుణించుకుంటే గంటన్నర చిల్లర. మన పొలాల మీదికి వచ్చిన ఎండ గంటన్నర తర్వాత వాళ్ల మీదికి పోతుంది. అవ్వ వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టుకుంది. ఆరు, ఆరున్నర, ఏడు. రెండుసార్లు చెప్పించుకుంది.

"మరి విమానం పోవుడు రావుడు ఒక్క తీరే పడ్తదా?"

పడదు. పోయేటప్పుడు నాలుగు గంటలు, వచ్చేటప్పుడు మూడున్నర. అంత ఎత్తులో గాలి పడమటి నుంచి తూర్పుకు కొడుతుంది, చలికాలంలో మరీ. పోయే విమానానికి ఎదురు, వచ్చే విమానానికి తోడు. ఈ ప్రశ్న అడిగినందుకు అవ్వ మీద నాకు గౌరవం పెరిగింది. పదో తరగతి పిల్లలు కూడా అడగరు.

"పొద్దు ఎప్పుడు గూకుతది ఆడ? వానలు పడ్తయా? చలి పెడ్తదా?"

చలికాలంలో వాళ్ల టైము అయిదున్నరకే పొద్దు గూకుతుంది. ఎండాకాలంలో ఏడు దాటుతుంది. మనకంటే వాళ్లు ఉత్తరాన ఉన్నారు గనుక జూన్‌లో పగలు ఇంకాస్త సాగుతుంది. వాన అరుదు, జూన్‌లోనైతే చినుకు పడటమే వింత. చెప్పిందల్లా ఆమె ఇంటికి పోయి నెమరేసుకునేదేమో, తర్వాత వచ్చినప్పుడు నాకే అప్పజెప్పేది. ఒకసారి నేను గంటన్నర కలపాల్సిన చోట తీసేస్తే, "గట్ల కాదు బిడ్డా, ఆడికెళ్లి ఈడికి లెక్కజేస్తే కలపాలె" అని దిద్దింది కూడా.

కొడుకు మీద బెంగతో దుబాయ్‌నంతా కంఠస్థం చేస్తోంది అనుకున్నాను. దానికి కారణం కూడా నాకు తెలుసు. ఆమె అన్న కొడుకు ఒకడు ఎప్పుడో బేగంపేట నుంచి విమానం ఎక్కి పోయాడు. 2008 మార్చిలో విమానాశ్రయం శంషాబాద్‌కు మారింది. అతను మాత్రం శంషాబాద్‌లో దిగాడు, పెట్టెలో. బతికున్నవాడికి నాలుగు గంటలైన దూరమే చచ్చినవాడికి వారాలు పడుతుంది. అక్కడి ఆసుపత్రి కాగితం, పోలీసు కాగితం, మరణ ధ్రువపత్రం, మన కాన్సులేటు అనుమతి, పాస్‌పోర్టు రద్దు, శవం చెడకుండా మందు, కంపెనీ నుంచి రావాల్సిన బాకీ లెక్క, అన్నీ అయ్యాక సరుకుల విమానంలో చోటు. మనుషులు వచ్చే దారి వేరు, పెట్టె వచ్చే గేటు వేరు. ఆ గేటు ముందు ఒక రాత్రంతా కూర్చున్నవాళ్లలో ఈ అవ్వ ఉంది. మూత తీయొద్దంటే, మూత మీదే చెయ్యి పెట్టి కూర్చున్నదట.

ఆ సంగతి ఆమె ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

జూన్ వచ్చింది. మిరుగు దాటింది. ఆ రోజు సాయంత్రం నుంచే ఉరుములు. రాత్రి ఎనిమిదింటికి షట్టర్ దించబోతుంటే అవ్వ పరుగులాంటి నడకతో వచ్చింది. ఇంట్లో సిగ్నల్ లేదట, కొడుకు ఫోన్ చేసే వేళ అయిందట. దుబాయ్‌లో వాట్సాప్ కాల్ కుదరదు, అక్కడ ఆపేశారు. చాలా గల్ఫ్ ఇళ్లలాగే వీళ్లదీ ఐమో యాప్. నా దుకాణం వైఫై కలిపి ఇచ్చాను. వెంటనే మోగింది.

కొడుకు ఎప్పుడూ గదిలో గోడకు ఆనుకుని మాట్లాడతాడు. నేను ఒకటి రెండుసార్లు చూశాను. నీలం రంగు గోడ, మేకుకు వేలాడే చొక్కా. ఇప్పుడు గోడ లేదు. చీకట్లో మొహం, వెనకెక్కడో వెళ్లే బండి లైటు, ఆ లైటులో గీతలు గీతలుగా పడుతున్న వాన.

"రూములకు కరెంటు పోయిందమ్మా. బయటికొచ్చిన. ఇప్పుడే ఆరున్నరకు డ్యూటీ దిగిన."

ఆరున్నర. గంటన్నర సరిగ్గా తీసేశాడు. రెండేళ్లుగా అలా తీస్తూనే ఉండి ఉంటాడు, ఒక్కసారీ తప్పి ఉండడు. కానీ జూన్ నెలలో ఆరున్నరకు దుబాయ్‌లో పొద్దు గూకదు. ఇంకా ముప్పావుగంట ఎండ ఉండాలి. నా చెయ్యి షట్టర్ మీదే ఉండిపోయింది.

అవ్వ ఫోన్‌ను మొహానికి దగ్గరగా జరుపుకుంది. "ఏంది బిడ్డా, మీది ఏసీల నీళ్లు గిట్ల కారుతున్నయి? జర పక్కకు జరుగరాదు, తడుస్తున్నవ్."

అవతల ఒక్క క్షణం మాట లేదు. తర్వాత, "అవునమ్మా. ఏసీ నీళ్లే. మస్తు ఏసీలు ఈడ."

"మబ్బు పట్టిందా ఏంది, చీకటిగున్నది?"

"ఇసుక దుమారం అమ్మా."

"గట్లనా. లోపలికి పో మరి, కండ్లల్ల పడ్తది."

ఆమె అమాయకత్వానికి నాకు కడుపులో దేవినట్టయింది. ఇన్ని నెలలు నేను పోసిన భూగోళమంతా వానలో కొట్టుకుపోయినట్టే ఉంది. పొద్దు లెక్క అప్పజెప్పిన మనిషికి ఎదురుగా ఉన్న చీకటి కనపడలేదు!

మర్నాడు ఆ అబ్బాయి నంబరుకు నేనే మామూలు ఫోన్ చేశాను. విదేశాలకు పోయే రింగు కాదు, మన దగ్గర మోగే రింగే. ఎత్తాడు. నేనేమీ అడగకముందే, "అన్నా, అమ్మకు చెప్పిండ్రా?" అన్నాడు.

శంషాబాద్ దగ్గర ఒక గోదాములో లారీలకు సరుకు ఎక్కించే పని. ఏజెంటుకు లక్షా ఇరవై వేలు కట్టాడు, మూడు రూపాయల మిత్తికి తెచ్చి. చేతిలో పెట్టిన టికెట్టు, వీసా రెండూ ఉత్త కాగితాలే. విమానాశ్రయం గేటు దగ్గర టికెట్టు చూసి, ఈ నంబరుతో టికెట్టే లేదన్నారు. ఏజెంటు ఫోను ఆగిపోయింది. దండలేసి పంపిన ఊరికి అదే రాత్రి సూటుకేసుతో తిరిగి ఎలా వస్తాడు? అప్పిచ్చినవాళ్లు అరుగు మీదే కూర్చుంటారు. కొడుకు దుబాయ్‌లో ఉన్నాడంటే ఆగుతారు, మోసపోయాడంటే ఆగరు. నెలనెలా మిత్తి కడుతున్నాడు. అసలు సగం తీర్చాడు. ఇంకో ఏడాది.

"గోదాము మీదికెళ్లే విమానాలు దిగుతయన్నా. అమ్మతోని మాట్లాడేటప్పుడు ఆ సప్పుడు ఇనవడ్తది. అంతమట్టుకు అబద్ధం కాదు" అన్నాడు.

కల్హేర్ నుంచి శంషాబాద్ నూట యాభై కిలోమీటర్లకు అటూ ఇటూ. ఆటోలో నారాయణఖేడ్ పోయి, హైదరాబాద్ బస్సెక్కి, అక్కడ దిగి ఇంకో బస్సు పట్టుకునేసరికి అయిదారు గంటలు. దుబాయ్ విమానం కన్నా ఎక్కువే. నాకు ఆ లెక్క తట్టి నవ్వు రాబోయి ఆగిపోయింది.

అవ్వకు చెప్పనని మాటిచ్చాను. మాటివ్వడమే కాదు, నా వంతు గోడ కూడా కట్టాలనుకున్నాను. ఆమె ఎప్పుడో ఒకప్పుడు వాన గురించి ఆలోచిస్తుంది, అడుగుతుంది. అప్పుడు తడబడకూడదు. 2024 ఏప్రిల్ 16న దుబాయ్ మునిగిపోయిన వార్త వెతికి పెట్టుకున్నాను. రికార్డులు రాయడం మొదలుపెట్టిన 75 ఏళ్లలో ఆ దేశంలో అంత వాన లేదట. ఏడాదికి పైగా పడాల్సింది ఒక్క రోజులో పడి, రన్‌వేలు చెరువులై, విమానాలు నీళ్లలో పడవల్లా నడిచాయి. ఫొటో ఒకటి రంగుల్లో ప్రింటు తీసి కౌంటర్ కింద ఉంచాను.

అవ్వ వారం తర్వాత వచ్చింది. బల్ల మీద కూర్చుంది. ఏమీ అడగలేదు. అడగకపోయినా నేనే ఆగలేకపోయాను. ఫొటో తీసి చూపించాను.

"చూడవ్వా, దుబాయ్ ఎయిర్‌పోర్టు. ఈ ఏడు అక్కడ వానలే వానలు. కాలం మారిపోయింది. చినుకు పడదని నేను చెప్పింది పాత లెక్క. చీకటి కూడా అంతే, మబ్బు పడితే ఆరింటికే చీకటైపోతుందట."

ఆమె ఫొటో చేతిలోకి తీసుకుంది. నీళ్లలో సగం మునిగిన విమానం చక్రాలను బొటనవేలితో తడిమింది. ఆ చేతి చూపుడు వేలికి, ఉంగరం పెట్టుకున్నట్టు, సంక్రాంతికి నేను కొంగులోంచి తెంపిన పోగు ఇంకా ఉంది. మాసి నల్లబడింది.

"మా ఆడిబిడ్డ కొడుకు కారు నడుపుతడు గద, ఏర్‌పోట్ కిరాయిలకు. సంకురాత్రికి వచ్చినప్పుడు చెప్పిండు. గోదాముల కాడ చూసిండట, నెత్తిల బస్తాతోని. వీడు చూడకముందే కారు తిప్పుకొచ్చిండట."

సంక్రాంతి. నా గ్లోబు, నా నాలుగు నిమిషాలు, ఎదురుగాలి, తోడుగాలి, అన్నీ ఆ తర్వాతివే.

"మరి నన్నెందుకు అవన్నీ అడిగినవ్ అవ్వా?"

"ఫోన్ల మాట్లాడేటప్పుడు నా నోట్లకెళ్లి తప్పు మాట రావద్దు గద. వానికి ఆరున్నరైతే నేను ఆరున్నరనే అనాలె. ఎండలు గొడుతున్నయా అని ఎప్పుడడగాలె, చలి పెడ్తున్నదా అని ఎప్పుడడగాలె... నాకేమెరుక? నువ్వు చదువుకున్నోనివి, నేర్పిచ్చినవ్."

బయట ఖేడ్ పోయే ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. అవ్వ ఫొటో మడిచి నాకే ఇచ్చేసింది.

"మరి ఎరుకైనంక ఇంకా ఈ నాటకమెందుకవ్వా? ఒక్క మాట నాకు తెలుసురా అంటే వాడు రేప్పొద్దున ఇంట్లో ఉంటాడు కదా."

"అప్పు ఎవలు కడ్తరు?" అంది. లేచి, బల్ల పట్టుకుని నిలబడి, గొంతు తగ్గించింది. "నాకెరుకైనట్టు వానికి చెప్పకు బిడ్డా, నీకు దండం పెడ్త. ఎరుకైందా, సిగ్గుకు వాడు నిజంగనే దుబాయ్ పోతడు."